మోతీబాయి అడిగిన మొలకలు

మలక్‌పేటలో పదకొండో కరెంటు మీటరు చూసి, చేతి మిషన్‌లోంచి వచ్చిన బిల్లు చింపి గేటుకు గుచ్చాడు హరిలాల్. భుజాన వేలాడే సంచిలో తడిగుడ్డ ఆరిపోతోందేమోనని మళ్లీ తడిమి చూశాడు. అందులో గుప్పెడు తీజ్ మొలకలున్నాయి. నిన్న నడిగూడెం దగ్గర తమ లంబాడీ తండాలో తీజ్ పండుగ ఆఖరి రోజు. పెళ్లికాని పిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోసి బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలు పంచుతుంటే, అడిగి తీసుకుని, పొద్దున్నే కోదాడలో బస్సెక్కాడు.

ఇరవై రెండేళ్లుగా ఇవే గల్లీలు. ఏ ఇంట్లో ఎవరుంటారో తెలియడానికి అతనికి నీళ్లిచ్చే తీరు చాలు. పరదా చాటు నుంచి గాజుల చెయ్యి కటోరా అందించి "పీలో భాయ్" అందంటే సాయబుల ఇల్లు. "మంచినీళ్లు కావాలాండీ?" అని అడిగి కాగితం గ్లాసులో పోశారంటే బెజవాడ వైపు వాళ్లు; ఆ "అండీ"కి మురవాలో, గ్లాసుకు చిన్నబోవాలో ఇప్పటికీ తేల్చుకోలేడు. పెద్ద మేడల్లో వాచ్‌మన్ గడ్డం ఎత్తి తోట కుళాయి చూపిస్తాడు. కడుతున్న బిల్డింగు కింద ఒడిశా కూలీలు మాత్రం తాము తాగే జగ్గే చేతికిస్తారు.

ఇవాళ ఎక్కడా తాగలేదు. చివరి గల్లీలోని ఇత్తడి చెంబు కోసం దాహం దాచుకున్నాడు.

అది ఆఫీసర్ రవీందర్ ఇల్లు. ఏడేళ్ల కింద ఆ గేటు ముందు హరిలాల్ ఫోన్లో తమ్ముడితో తండా భాషలో మాట్లాడుతుంటే, లోపలి నుంచి ఓ ముసలామె ఉరికొచ్చింది. రవీందర్ తల్లి మోతీబాయి, నేరేడుచర్ల దగ్గరి తండా మనిషి. అప్పటి నుంచి నెలనెలా చెంబెడు నీళ్లు, పది నిమిషాల మాట. "బేటా, మిర్యాలగూడ దిక్కు వానలు పడ్డయా? కాల్వల నీళ్లొచ్చినయా?"

కోడలు అఖిలదీ తండాయే. కానీ ఆ సంగతి పక్కింటివాళ్లకు తెలియనిచ్చేది కాదు. "అత్తయ్యా, మెల్లగా" అని మందలించేది. మోతీబాయి, హరిలాల్ దొంగల్లా గుసగుసలాడుకునేవారు. పోయిన నెల మోతీబాయి అడిగింది, "తండకు పోతే జర తీజ్ తెస్తవా? ఒక్కసారి నెత్తిల పెట్టుకుంట."

గేటు దగ్గర నిలబడి, "యాడీ" అని మెల్లగా పిలిచాడు. అమ్మా అని అర్థం.

అఖిల వచ్చింది. "అత్తయ్య లేరండీ. పన్నెండు రోజులైంది. నిద్రలోనే..."

హరిలాల్‌కు కన్నతల్లి పోయినప్పటి దుఃఖమే మళ్లీ వచ్చింది. తడిగుడ్డ విప్పాడు. "తీజ్ అడిగింది. తెచ్చిన."

పక్కింటి బాల్కనీలో ఒకామె బట్టలు ఆరేస్తోంది. అఖిల అటు చూసింది. మొలకలు కళ్లకద్దుకుంది. వాటిలో రెండు తీసి జడలో తురుముకుని, తండా మాటలోనే, ఆ బాల్కనీకి వినబడేలా, అన్నా అని పిలుస్తూ అడిగింది.

"ఏ తండ, భియా, మీది?"

చెప్పాడు. లోపలికెళ్లి ఆమె ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. హరిలాల్ ఎత్తిపోసుకుని సగం తాగాడు. మీటరు చూసి, బిల్లు ఆమె చేతికిచ్చి, కళ్లు తుడుచుకుంటూ నడిచాడు.

మలుపులో వెనక్కి చూశాడు. వీధిలో అందరికీ కనబడేలా, ప్రహరీ గోడ మీద మోతీబాయి చెంబు ఉంది, మిగిలిన సగం నీళ్లలో లేతపసుపు తీజ్ మొలకలతో.