చిన్నోడు కుదిర్చిన ట్రిగ్గర్

మరిది పోతే వదిన ఎంత ఏడవాలో ఎవరూ చెప్పరు. ఇంటికొచ్చినవాళ్ళు మా అత్తగారి చేతులు పట్టుకున్నారు, మా ఆయన్ని కావలించుకున్నారు. నన్ను మాత్రం "కాసిని మంచినీళ్ళిస్తావామ్మా?" అని అడిగారు. ఇచ్చాను. గ్లాసులు కడిగాను. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు, అదీ నాకు! తోచకపోతే గోడతోనైనా పోట్లాడతానని ఇంట్లో నాకు పేరు. పళ్ళ డాక్టరు మత్తుసూది వేశాక పెదవి ఎలా ఉంటుందో, ఆ నెలంతా మనిషి మనిషంతా అలా మొద్దుబారి ఉన్నాను.

మా మరిది, ఇంట్లో అందరికీ చిన్నోడు, వాచీలు బాగుచేసేవాడు. నేను ఎయిర్ పిస్టల్ పోటీల్లో కాలుస్తాను. వదినా మరుదులకి జత కుదిరింది ఆ పిస్టల్ దగ్గరే. ట్రిగ్గర్ అంటే నొక్కగానే పేలేది అనుకుంటారు తెలియనివాళ్ళు. పోటీ పిస్టల్‌లో అలా కాదు. వేలితో లాగితే కొంత దూరం తేలిగ్గా వెనక్కి వస్తుంది, ఒకచోట ఆగుతుంది. ఆ ఆగే చోటుని మేం గోడ అంటాం. గోడకి వేలు ఆనించి, గురి కుదిరాక ఇంకొంచెం ఒత్తితే లోపలి కొక్కెం జారి గుండు వెళ్ళిపోతుంది. గోడ ఎక్కడుండాలి, ఆ పైన ఎంత ఒత్తాలి అన్నది లోపలున్న బుల్లి స్క్రూల మీద ఆధారపడి ఉంటుంది.

ఆ స్క్రూలన్నీ చిన్నోడి సామ్రాజ్యం. కంటికి భూతద్దం తగిలించుకుని, "వదినా, నీ నోటికున్న దూకుడు వేలికి లేదేం?" అని ఏడిపిస్తూ కాస్త తిప్పేవాడు, నాచేత ఉత్తుత్తిగా కాల్పించేవాడు, మళ్ళీ తిప్పేవాడు. అలా నెలలు పట్టింది. కుదిరిన రోజున నా గోళ్ళరంగు సీసా తెమ్మని, స్క్రూ తలకీ దాని పక్క ఇనుముకీ కలిపి ఎర్రటి చుక్క పెట్టాడు.

"స్క్రూ కదిలితే చుక్క పగులుతుంది. ఎవరు ముట్టుకున్నా నాకు తెలిసిపోతుంది."

"ముట్టుకునేదాన్ని నేనొక్కదాన్నేగా!"

"అందుకే పెట్టాను."

వాడు బండి మీంచి పడి చనిపోయాక వచ్చిన మొదటి పోటీ జట్టు ఎంపికకి. ఒక్క చోటే ఖాళీ ఉంది. "వెళ్తావా?" అన్నాడు మా ఆయన. వెళ్తానన్నాను. ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తాను? ఆయన తీసుకెళ్ళాడు.

కాల్చే ముందు ట్రిగ్గర్‌ని తూకంతో పరీక్షిస్తారు. పిస్టల్ గొట్టం పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి అరకిలో తూకం తగిలించి, బల్ల మీంచి మెల్లగా పైకి లేపుతారు. ట్రిగ్గర్ ఆ బరువు మోస్తే సరే. కొక్కెం జారిందంటే కుదరదు. చిన్నోడు దాన్ని సరిగ్గా ఆ అంచు మీద నిలబెట్టాడు.

తూకం లేచీ లేవగానే టక్‌మంది. "మళ్ళీ చూడండి" అన్నాను. మళ్ళీ టక్‌మంది.

"స్ప్రింగు సడలిందమ్మా. పక్కకెళ్ళి కాస్త బిగించుకు రండి, ఇంకా టైముంది" అన్నాడు పరీక్షించే పెద్దాయన, ఎంతో మర్యాదగా.

పక్క బల్ల దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. ఎర్రచుక్క మెరుస్తోంది.

"ఇంటికెళ్దాం పదండి" అన్నాను మా ఆయనతో.

"మరి జట్టు? దానికోసం ఇన్నేళ్ళూ ఇల్లు పీకి పందిరేశావు కదా!"

"ఇది తిప్పితే వాడు కుదిర్చింది పోతుంది. మళ్ళీ కుదర్చడానికి వాడు లేడు."

ఆయన ముందుకి వంగి చుక్కకేసి చూశాడు. "వాడు పోయిన రెండో రోజే వాడి వాచీ ఆగిపోయింది. కీ ఇవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. నువ్వూ నాలాగే తయారైతే ఎలా? ఇలా తే" అని స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. చుక్క మీద ఆనించి తిప్పేశాడు. ఎడమవైపుకి.

"అయ్యో, అటు కాదు! అటు తిప్పితే ఇంకా వదులవుతుంది! సీసా మూత తియ్యడం చేతకాని మనిషికి దీని జోలి ఎందుకండీ? ఇటివ్వండి!" అని కసిరి, లాక్కుని, వెనక్కి తిప్పి, ఇంకాస్త బిగించాను. తల దించి చూస్తే బల్ల మీద ఎర్రటి పొట్టు రాలి ఉంది. ఆయన దాన్ని వేలితో ఒకచోటికి చేరుస్తున్నాడు.

ఈసారి ట్రిగ్గర్ బరువు మోసింది.

గీత దగ్గర నిలబడి, లెక్కకి రాని గుళ్ళు ముందు రెండు మూడు కాల్చాను. గోడ స్పష్టంగా తగిలింది. ఇంతకుముందు అది ఎప్పుడూ కాస్త మెత్తగా ఉండేది, నా వేలిదే లోపం అనుకునేదాన్ని. ఇప్పుడు వేలు ఆనగానే తెలిసిపోతోంది. గుళ్ళన్నీ నడిమధ్యకే వెళ్ళాయి. నిజం చెప్పొద్దూ, వాడు కుదిర్చినదానికంటే ఇదే బాగుంది. 'చూశావట్రా చిన్నోడా, నీకంటే నేనే నయం, ఇంక కొట్టు మూసుకో!' అందామని వెనక్కి తిరిగాను.

మా ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

పిస్టల్ బల్ల మీద పెట్టేశాను. ఏడుపు ముంచుకొచ్చింది. పక్కవాళ్ళు గురి దించి చూసేంత గట్టిగా ఏడ్చాను. రేంజి అధికారి గబగబా వచ్చాడు.

"ఏమైందమ్మా? ట్రిగ్గర్ ఏమైనా ఇబ్బంది పెడుతోందా?"

"లేదండీ" అన్నాను. "చాలా బాగుంది."