తొలి కాల్పు ఎవరిది?

ఇంజర్‌గుల్ మూడు వేళ్లు దర్రా కొండ కింద మట్టిలో పడి ఉండగానే కార్ఖానా యజమాని హాజీ సమందర్ తీర్పు చెప్పేశాడు: "చూసుకోకుండా కాల్చాడు. తప్పు వాడిదే!"

తుపాకీ చేతిలోనే పేలిపోవడం కార్ఖానా మొత్తం చూసింది. ఒక్కరూ నోరు విప్పలేదు. ముప్పై ఏళ్లు రైఫిళ్లు చేసిన ఇంజర్‌గుల్ ఆ వారం నుంచే ఎడమచేత్తో ఇనుప రజను ఊడుస్తున్నాడు.

తుపాకులు చేసి బతికే దర్రాలో ఒక కట్టుబాటుంది. గొట్టంలో తూటా గూడు ఎవడు తొలిచాడో, వాడే ఆ తుపాకీని భుజానికి ఆనించి తొలి కాల్పు కాల్చాలి. తాతల నాడు ఉక్కూ పనివాడిదే, గూడు తొలిచే రీమరూ పనివాడిదే, అది న్యాయమే. ఇప్పుడు నాసి ఉక్కు హాజీది, మొద్దుబారిన రీమరు హాజీది. వేళ్లు మాత్రం పనివాడివి.

లారీ తోలుకునే జర్ఘున్ నలభై రెండేళ్లకు ఈ పని నేర్చుకోవడానికొచ్చాడు. పని నేర్పే ముసలి ఉస్తాద్ బరకత్ వాణ్ణి ఏడిపించుకు తినేవాడు.

"మా తాత గొట్టం మీద వేలితో కొడితే, లోపల వెంట్రుకవాసి తేడా ఉన్నా అది దగ్గేదిరా! నువ్వేమో రీమర్ని గేరు మార్చినట్టు లాగుతున్నావు. రెండు చుట్లు తిప్పు, బయటికి తియ్యి, రజను తుడువు, నూనె పెట్టు. తొందరపడ్డావో, గూడు కాస్తా గొయ్యవుతుంది."

ఒకరోజు బేరగాడు వచ్చి కూర్చుంటే, హాజీ వెనకే నిలబడి తరిమాడు. జర్ఘున్ రజను తుడవకుండానే ఇంకో నాలుగు చుట్లు తిప్పేశాడు. తర్వాత కొలత బిళ్ల పెట్టి చూశాడు. గూడు సరిగ్గా ఉంటే ఆ బిళ్ల మీద బోల్టు మూసుకోకూడదు. వెన్నలో కత్తి దిగినట్టు మూసుకుంది.

"లోతైపోయింది కాకా," అన్నాడు ఉస్తాద్‌తో. "వెనక కోసి మళ్లీ తొలవాలి."

"కోస్తూ కూర్చుంటే బేరగాడు చాయ్ తాగి పోతాడు," అన్నాడు హాజీ. "బిగించు. పోయి కాల్చు."

"చేతిలోనే పేలుతుంది హాజీ సాహెబ్!" అన్నాడు జర్ఘున్.

"పఖ్తూన్‌వై ఉండి భయమా? గాజులు తెప్పించనా?"

ఇంజర్‌గుల్ చీపురు కింద పడేశాడు. "నాతోనూ ఇదే మాటన్నావు హాజీ. నా రైఫిలు గూడూ లోతే. నేను చెప్పాను, నువ్వు వినలేదు."

పదిహేడు ఆకురాళ్లు ఒక్కసారిగా ఆగాయి.

"ఊరుకోండ్రా," అన్నాడు మూలనుంచి యూసఫ్ అనే పనివాడు. "వెళ్లగొడితే పిల్లలకు రొట్టె ఎవడు పెడతాడు?"

"రొట్టె తుంచడానికి వేళ్లుండొద్దట్రా?" అన్నాడు ఉస్తాద్. ఈసారి ఆయన నవ్వలేదు. రైఫిలు తెచ్చి హాజీ ముందు పెట్టాడు. "ఇవాళ్టి నుంచి కట్టుబాటు మారింది. ఉక్కెవరిదో తొలి కాల్పు వాళ్లది. కాల్చండి సాహెబ్."

హాజీ చెయ్యి ముందుకు రాలేదు. బేరగాడు చాయ్ వదిలేసి జారుకున్నాడు.

హాజీ కబురంపితే గంటలో ఖాసాదార్లు, ఆ కొండసీమ పోలీసులు, వచ్చారు. రైఫిలు దొంగిలించాడని జర్ఘున్ చేతులు కట్టేశారు.

"తప్పు నాదే కాకా, రజను తుడవలేదు," అన్నాడు వాడు గుమ్మంలో.

"నీ తప్పు కోసి సరిచేస్తాం. హాజీ తప్పుకే పెద్ద రంపం కావాలి. ధైర్యంగా నడువు!" అన్నాడు ఉస్తాద్.

ఇంజర్‌గుల్ రెండువేళ్ల చెయ్యెత్తి కార్ఖానా కార్ఖానాకూ తిరిగి జరిగింది చెప్పాడు.

తెల్లారి దర్రా బజారులో సుత్తి చప్పుడు లేదు. ప్రతి కార్ఖానాలోనూ యజమాని కుర్చీ మీద ఒక రైఫిలు, పక్కన ఒక తూటా.

ఆ పొద్దు దర్రాలో యజమాని అన్నవాడెవడూ కూర్చోలేదు.