గుండె అని రాయకండి

ఈపాటికి రాజధాని సోఫియాలో వాటికి మేత వేసే ఉంటారు, అనుకుంది నెద్కా, అడుగంటిన చిక్కుడుగింజల సూపు గిన్నెను వేడినీళ్ళలో తోముతూ. ఆమె పొట్ట కొవ్వులోంచి తీసిన మూలకణాలవి. ప్రయోగశాలలో వాటి గుణం మార్చి, పాడైన కిడ్నీని బాగుచేసే విద్య నేర్పుతున్నారట. ఒంటి వెచ్చదనమున్న పెట్టెలో పెంచుతున్నారట. ఆదివారం కూడా ఎవరో ఒకరు వచ్చి చూసుకుంటారని నర్సు చెప్పినప్పుడు నెద్కాకు నవ్వొచ్చింది. యాభై ఏడేళ్ళలో తన కోసం ఆదివారం పనికి వచ్చిన మనిషి లేడు.

"ఏమే, పెట్టెలోని నీ పిల్లలు పాలు తాగారా?" అంది బడి వంటమనిషి ఇల్కా.

"నీకంటే నయం. పెట్టింది తిని నోరు మూసుకుంటాయి."

ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఈ తొట్టి దగ్గరే నిలబడింది. చీలమండలు వాచి బూట్లకు పైగా పొంగాయి. అరచేతులకు రాగిరంగు పట్టింది. ఆ రంగు ఏమిటో ఈ లోయలో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. నడుం నొప్పి అంటారు. మనిషి పోయాక గుండె అంటారు. కిడ్నీల ఇల్లని పేరుపడితే ఆ ఇంటికి సంబంధాలు రావు.

పదిన్నరకు సోఫియా నుంచి ఫోన్ వచ్చింది.

"నెద్కా గారూ, ఈ వైద్యం మీ లోయ జబ్బున్న కుటుంబాలకే. మీ అమ్మ, నాన్న, పెద్దన్న, ముగ్గురి మరణపత్రాల్లోనూ గుండె అనే ఉంది. రక్తసంబంధీకుల్లో ఒక్కరికైనా కిడ్నీ జబ్బని కాగితం కావాలి. శుక్రవారం దాటితే కణాలు పారేస్తాం."

అమ్మ పోయినప్పుడు ఆ మాట చెప్పింది తనే. డాక్టరు అడగకముందే నాలుక మీదికి వచ్చేసింది, ఎవరో అక్కడ పెట్టి ఉంచినట్టు. ఆనాడు అది అబద్ధమని కూడా తోచలేదు.

మిగిలింది మంచం పట్టిన చిన్నన్న త్సోలో ఒక్కడే. ఏ కాగితానికీ ఒప్పుకోడని తెలుసు. అయినా పని ముగించుకుని ఎత్తెక్కి వాళ్ళింటికి వెళ్ళింది. వసారా అద్దం మీద, చావింట్లో కప్పే నల్లగుడ్డ కప్పి ఉంది.

"మధ్యాహ్నం, నిద్రలోనే," అంది వదిన స్తమేన. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. ఊరి డాక్టరు ద్రుమెవ్ బల్ల దగ్గర కూర్చుని మరణపత్రం నింపుతున్నాడు. మంచం మీద త్సోలో పసివాడంత చిన్నగా ఉన్నాడు. నెద్కా అతని నుదురు ముద్దుపెట్టుకుంది. ఇంకా చల్లబడలేదు.

"కారణం?" అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

"గుండె," అంది స్తమేన.

"ఈ ఊళ్ళో ఇంకేదీ చెడిపోదు లెండి."

"గుండె అని రాయకండి డాక్టరుగారూ," అంది నెద్కా. "కిడ్నీలు."

స్తమేన ఆమె మోచెయ్యి పట్టుకుంది. "నోర్ముయ్యి. సెప్టెంబరులో విహ్ర పెళ్ళి. మగపెళ్ళివాళ్ళ చెవిన పడితే గడప తొక్కుతారా? నీ వైద్యం కోసం నా కూతురి బతుకు బుగ్గిచేస్తావా?"

"నా వైద్యం కోసమే వదినా. నాకు బతకాలనుంది."

తన నోట ఆ మాట వినడం తనకే కొత్తగా ఉంది. సిగ్గేయలేదు.

"రేపు విహ్ర చేతులకూ ఈ రంగొస్తే? అదీ సోఫియా వెళ్ళాలిగా. ఏ కాగితం పట్టుకెళ్తుంది, వాళ్ళ నాన్న గుండెదా?"

"మీ అన్నుంటే నిన్ను గడప దాటనిచ్చేవాడు కాదు."

"తెలుసు. ముగ్గురి విషయంలో వాడి మాటే విన్నాను."

డాక్టరు కలం కింద పెట్టాడు. "త్సోలో రక్తపరీక్ష నా దగ్గరుంది. ముప్పై ఏళ్ళుగా ఇంటివాళ్ళు చెప్పిందే రాశాను. ఇవాళా అంతే. కాకపోతే చెప్పినవాళ్ళు కింద సంతకం పెట్టాలి."

స్తమేన చేతులు రెండూ ఏప్రాన్ కిందికి లాక్కుంది. ఆపలేదు, ఒప్పుకోనూలేదు. ఆ అరచేతులు ఏ రంగులో ఉన్నాయో నెద్కాకు కనిపించలేదు.

డాక్టరు నిదానంగా రాశాడు. నెద్కా ఆ మాటను రెండుసార్లు చదివింది. కలం అందుకుని, పుట్టింటి పేరుతో సహా తన పూర్తి పేరు సంతకం చేసింది.

తలుపు వెనక మేకుకు త్సోలో తోలుబెల్టు వేలాడుతోంది. చిక్కిపోయినకొద్దీ అతను మేకుతో పొడుచుకున్న కొత్త చిల్లులు అయిదు, ఒకదాని కంటే ఒకటి లోపలికి.