నాకు వినపడని మాట

నేను ఒక మైకును. మెడకు నల్ల టేపు చుట్టుకుని, పలికిన రోజుల కంటే కీచుమన్న రోజులే ఎక్కువగా బతికినదాన్ని. అయినా పొగరుకేం తక్కువ లేదు. ఏదో కార్ఖానాలో పుట్టి, పెళ్లి బ్యాండువాళ్ల దగ్గర గొంతు పాడుచేసుకుని, చివరికి తూర్పు ఆఫ్రికాలో ఓ సరస్సు ఒడ్డునున్న చర్చికి చేరాను. నేను లేకపోతే దేవుడి మాట కూడా మూడో బెంచీ దాటదని నా నమ్మకం.

స్వలింగ సంపర్కులను జైల్లో వేసే చట్టం వచ్చిన ఆదివారం పాస్టర్ ముగబి నన్ను నోటికి ఆనించుకుని దాన్ని తెగ మెచ్చుకున్నాడు. నేనూ రెచ్చిపోయి ప్రతి మాటనూ సంత దాకా మోసుకెళ్లాను. సిగ్గూ ఎగ్గూ లేదు నాకు, ఎవరు పట్టుకుంటే వాళ్ల పాటే.

నెల తిరక్కుండానే మా చర్చిలో పాటలు పాడే కిరుండాను పోలీసులు పట్టుకుపోయారు. ఇంకో మగవాడితో కలిసి ఉంటున్నాడట, అదే నేరం.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ప్రసంగం అయ్యాక సాక్ష్యం చెబుతామని ఎవరు లేచినా నన్ను వాళ్ల చేతికివ్వాలి. వాళ్లు "దేవునికి స్తోత్రం" అంటే అందరూ "ఆమేన్" అనాలి. ఆ వారం కిరుండా తల్లి నాంగోబి లేచింది.

"రేపు నా కొడుకుని కోర్టుకు తెస్తారు. పరువున్న మనిషి పూచీ ఉంటే ఇంటికి పంపిస్తారంట. లేకపోతే మళ్లీ ఆ జైలే. అక్కడ వాణ్ణి కొడుతున్నారు..."

ముగబి టక్కున స్విచ్ నొక్కేశాడు. హమ్మయ్య, ఇక ఈవిడ గోల ఎవరికీ వినపడదనుకున్నాను. ఏం లాభం! నా అవసరమే లేకుండా ఆమె గొంతు వెనక గోడ దాకా వెళ్లింది.

"నా బిడ్డకి పూచీ ఉండటానికి నాతో రండి. దేవునికి స్తోత్రం!"

"ఆమేన్!" అన్నారందరూ, అలవాటుకొద్దీ. అందరికంటే గట్టిగా అన్నది ముగబి. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మీరూ అన్నారుగా, పాస్టర్‌గారూ," అంది నాంగోబి. "పొద్దున్నే కోర్టు మెట్ల దగ్గర మీకోసం నిలబడతాను."

వెళ్లాడండీ! గొణుక్కుంటూనే వెళ్లి సంతకం పెట్టొచ్చాడట. సంఘ పెద్దలు కొందరు అలిగి వేరే చర్చికి పోయారు.

తర్వాతి ఆదివారం కిరుండా వచ్చి చివరి బెంచీలో తల్లి పక్కన కూర్చున్నాడు. ముగబి నన్ను పట్టుకున్నాడు. ప్రసంగం మొదలుపెట్టకుండానే నన్ను బల్ల మీద పెట్టి, వేదిక దిగి, ఆ చివరి బెంచీ దాకా నడిచి, కిరుండా వైపు వంగి ఏదో చెప్పాడు. నాంగోబి ఏడ్చింది.

ఇప్పుడు కొత్త మైకు వచ్చింది. నన్ను చీపుర్ల గదిలో పడేశారు. ఇన్నేళ్లూ నేను అరిచిన ప్రసంగాల్లో ఒక్కటీ గుర్తులేదు. ఆయన ఆ రోజు ఏమన్నాడో తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.