బోర్డు మీది పిట్ట

మా బావగారు లోకనాథ్ గారికి ఒక ఇంగ్లీషు మాట దొరికింది. విమ్‌బ్రెల్. విశాఖపట్నంలో ఎవరి నోట విన్నారో గానీ, కార్తీకం నుంచి దాన్ని ఉప్పులా అన్నింట్లోనూ వేస్తున్నారు. పలాసలో మా జీడిపప్పు మిల్లుకు ఎవరొచ్చినా గుప్పెడు పప్పు చేతిలో పోసి, "ఇది విమ్‌బ్రెల్ గ్రేడండి" అంటారు. కొత్త కారుది విమ్‌బ్రెల్ లుక్కు. వాళ్ల మేనకోడలి పెళ్లిది విమ్‌బ్రెల్ స్టాండర్డు.

నేను మా అమ్మాయి శ్రావణిని ఫోనులో అడిగాను.

"అదొక పిట్ట పేరమ్మా. ఇంగ్లీషువాళ్లలోనే పిట్టల్ని చూసేవాళ్లకు తప్ప తెలీదు. ఏడ్చినట్టు కూస్తుందని ఆ పేరు వచ్చిందంటారు" అంది.

ఆ ముక్క బావగారికి చెప్పాను.

"ఇంగ్లీసులో ఏడిసినా దర్జాగానే ఉంటదమ్మా" అన్నారు.

ఈ దర్జా అంతా నా తోట కోసం. నౌపడ ఉప్పు మళ్లను ఆనుకుని ఉన్న కొబ్బరి తోట అది. పెళ్లిలో మా నాన్న పసుపు కుంకుమల కింద నాకు రాసిచ్చాడు. తోట ముందు బురద నేల ఉంది, చలికాలం పిట్టలు దిగుతాయి. అక్కడ బావగారు రిసార్టు కడతారట. దాని పేరు విమ్‌బ్రెల్.

"సెట్టు కొట్టం, బురద పూడ్సం. పిట్టల్ని సూడ్డానికే కదేటి జనం వొత్తారు" అని నాకు మాటిచ్చారు. వాళ్లన్నగారి మాటకు తలాడించడం తప్ప మా ఆయన రవిశంకర్‌కు వేరే పని రాదు. ఆ మాట నమ్మి నేనూ సగం ఒప్పుకున్నాను. నా సంతకం పడకముందే తోట గేటుకు బోర్డు ఎక్కింది. దాని మీద గోధుమరంగు మచ్చల పిట్ట, కిందికి వంగిన పొడుగు ముక్కు, తలమీద నల్ల చారలు.

డబ్బు పెట్టే ధనుంజయ్ గారు ఆదివారం తోట చూడటానికి వచ్చారు. భోజనాలూ తోటలోనే. మా అత్తవారింట్లో పెద్దమనిషి వస్తే ఆకులో పిట్ట వేపుడు పడాలి. కోడితో సరిపెడితే అవమానం. మామగారి నాటి నుంచీ ఇదే మర్యాద.

పొద్దున్నే వలవాడు చంపిన పిట్టల్ని సంచిలో తెచ్చిచ్చాడు. తోటలో పనిచేసే తవిటమ్మ ఈకలు పీకుతుంటే వెళ్లి చూశాను. వంగిన ముక్కు. నల్ల చారలు. బావగారిని పిలిచాను.

"ఇవి మీ బోర్డు మీది పిట్టలే."

ఆయన వంగి చూశారు.

"బోర్డు మీదది విమ్‌బ్రెల్. ఇయ్యి ఉల్లంకి పిట్టలు. మన బురదలో తిరిగేవే. మసాలా గట్టిగా తగిలించండి."

"ముక్కు సూడండి, బావగారూ."

"ముక్కులు అన్నిటికీ ఉంటాయమ్మా!"

మనిషి చదువుకున్నాడు. కళ్లద్దాలు కూడా ఉన్నాయి. నేను పొయ్యి దగ్గరకు వెళ్లలేదు. తవిటమ్మే వేపింది.

భోజనాల దగ్గర ధనుంజయ్ గారు ఎముకలు చప్పరిస్తూ, ఫారిన్ నుంచి పిట్టల ఫొటోలు తీసేవాళ్లను దింపుతానన్నారు. "ఇదేం పిట్టండీ? అద్భుతం!"

"లోకల్ సరుకు, సార్" అన్నారు బావగారు.

నేను చిన్న అరిటాకు ముక్కలో ఒక తల తెచ్చి అతిథి ఆకు పక్కన పెట్టాను.

"బావగారూ, దీన్ని ఇంగ్లీసులో ఏటంటారో సార్‌కి సెప్పండి."

ధనుంజయ్ గారు తల చూశారు, గేటు వైపు బోర్డు చూశారు. నోట్లో ఉన్నది మాత్రం మింగేశారు.

"వదినగారు జోకులు బాగా వేస్తారు" అని ఇంకో ముక్క తీసుకున్నారు.

ఇద్దరూ ఒకరికొకరు సరిపోయారు.

చేతులు కడుక్కున్నాక మా ఆయన కాగితాలు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"సంతకం పెట్టను."

"నలుగుర్లో పరువు తీత్తన్నావేటమ్మా?" బావగారి గొంతు లేచింది. "మాటిచ్చాను కదా, సెట్టు ముట్టనని!"

"ఏ పిట్ట పేరు సెప్పి మాటిచ్చారో దాన్నే వేపించుకు తిన్నారు. ఇక సెట్టెంత?"

"రమణీ, అన్నయ్యతో అలాగేటే..." అని మొదలుపెట్టాడు మా ఆయన. అన్న మొహం, నా మొహం చూసి, ఎటు తలాడించాలో తెలియక పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

కార్లు వెళ్లాక తవిటమ్మతో బోర్డు దింపించాను.

"ఏటి సేత్తాం అమ్మా దీన్ని?"

"కోళ్ల గూడు కారతంది కదే. కప్పెయ్యి."