చినిగిన స్పీకరు

నేను వంటింటి గడప దగ్గర కూచుని బావి నీళ్లు గుడ్డలో వడకడుతున్నాను. రెండో బిందె సగంలో ఉండగా అన్న ఏలియా బస్టాండు వైపు నుంచి రామనారాయణను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ మద్రాసులో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లు. డెబ్బయి నాలుగులో నాయన పోయాక అన్న చదువు మానేసి ఉదయగిరి వచ్చేశాడు. రామనారాయణ అక్కడే ఉండిపోయి ఒక హోటల్లో డ్రమ్స్ వాయిస్తున్నాడు. జుట్టు భుజాల దాకా ఉంది. అమ్మ ఆ జుట్టు చూసి, చూపు తిప్పుకుని, కాఫీ కలపడానికి లేచింది.

వాళ్ల బ్యాండులో గిటారు వాయించే మనిషి వెళ్లిపోయాడట. ఆ చోటు అన్నకు ఇవ్వొచ్చో లేదో విని చూడడానికి వచ్చాడు. వాళ్లు వాయించేది సైకెడెలిక్ రాక్. దాని గురించి అన్న చెప్పినంతే నాకు తెలుసు. అందులో మాటలు తక్కువ. ఒక్కో పాట అరగంట సాగుతుంది. గిటారు గిటారులా మోగకూడదు. జ్వరంలో వినపడే గొంతులాగా, పక్కనే ఉన్నట్టూ ఎక్కడో ఉన్నట్టూ మోగాలి.

ఆ మోత కోసమే నాయన రేడియోను అన్న పట్టుకున్నాడు. గిటారు వైరు దాని వెనక గుచ్చితే స్పీకరులోంచి పలికేది. అమ్మ చేలో ఉన్నప్పుడు వెనక అట్ట ఊడదీసి, స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. ఆ కోత పనికిరాలేదు. ఇంకోటి కోశాడు. సూదితో పొడిచాడు. వాయించడం, వినడం, మళ్లీ కోయడం. వేసవంతా అదే పని. చివరికి ఒక మధ్యాహ్నం తీగ మీటితే తుమ్మెదల గుంపు లేచినట్టు లేచింది. గోడలు వెనక్కి జరిగినట్టు అనిపించింది. అన్న నావైపు చూశాడు, నేను తలూపాను. ఊళ్లో ఆ మోత వినేదాన్ని నేనొక్కదాన్నే. అది బాగుందో లేదో నాకూ తెలియదు. ఆగిపోయాక మాత్రం ఇల్లు మరీ ఖాళీగా ఉండేది.

కోసిన సంగతి అన్న అమ్మకు చెప్పలేదు. రేడియో తనంతట తనే చెడిందని ఆమె అనుకుంది.

కాఫీ తాగి, అన్న వైరు గుచ్చి, మీటాడు. గిటారు చర్చిలో హార్మోనియంలాగా శుభ్రంగా పలికింది. మళ్లీ మీటాడు. రేడియోకు చెవి ఆనించి ఇంకోసారి మీటాడు.

"నిన్న జానీ బాషాను పిలిపించినా," అంది అమ్మ, గ్లాసులు తీస్తూ. జానీ బాషాది మైకుసెట్టు అంగడి. "నువ్వు ఈ అబ్బాయి కోసం నెల్లూరు పోయినావు, నీ చెల్లి చర్చి ఊడ్చను పోయినాది. లోపల కాగితం చినిగుండాదంట. ఎలకలు కొరికుంటాయి అన్నాడు. ఎంత ఓపికో ఆ మనిషికి, ఒక్కో చీలికకు బంక రాసి కాగితం అంటించినాడు. ఊరిగాని ఊరి మనిషి ముందర అది గొరగొరమంటా ఉంటే నీకే కదరా నామర్దా."

"ఎలకలా," అన్నాడు రామనారాయణ. నవ్వబోయి, అన్న ముఖం చూసి ఆగాడు.

"పొద్దున నీ చెల్లి బావికి పోయినప్పుడు పాటలు పెట్టుకున్నా. మీ నాయన ఉన్నప్పటి మాదిరే పలికినాది," అంది అమ్మ. కొంగుతో రేడియో మీద దుమ్ము తుడిచింది.

అన్న కాసేపు వాయించాడు. రామనారాయణ మోకాలి మీద తాళం వేస్తూ విన్నాడు. అమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాక గొంతు తగ్గించాడు.

"చెయ్యి బాగుండాదిరా. ఇట్లా వాయించేవాళ్లు మద్రాసులో సందుకొకడు ఉండాడు. రాత్రి నెల్లూర్లో చెప్పినావే, ఆ మోత ఏది? బ్లేడు లేదా ఇంట్లో?"

బ్లేడు గూట్లోనే ఉంది. అన్న అటు చూశాడు. తర్వాత అమ్మ తుడిచిన రేడియో వైపు చూశాడు.

"వద్దులే," అన్నాడు.

"నేను పోయి ఏం చెప్పాల వాళ్లకి?"

"విన్నది చెప్పు."

"విన్నది చెప్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు."

"పెట్టుకోనీ."

"ఏందిరా గుసగుసలు," అంది అమ్మ లోపలినుంచి. "కూడు తిని పో నాయనా. ఆ జుట్టు పప్పులో పడకుండా ముడేసుకో."

రామనారాయణ నిజంగానే ముడేసుకుని తిన్నాడు. నెల్లూరు బస్సుకు వేళయిందని లేచాడు. అన్న అతన్ని వీధి మలుపు దాకా సాగనంపి తిరిగొచ్చాడు.

అమ్మ రేడియో పక్కన చాప వేసుకుని కూచుంది. "ఒక కీర్తన వాయించరా. ఇప్పుడు వినేదానికి హాయిగా ఉండాది."

అన్న గిటారు పట్టాక, వాయించమని ఆమె అడగడం అదే మొదలు. అన్న వాయించాడు. అమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తూ వింది. కీర్తన అయ్యాక కూడా కళ్లు తెరవలేదు.

అన్న వైరు లాగి చుట్టాడు. గిటారు గోడకు ఆనించి, చొక్కా తొడుక్కుని, నా పక్కనుంచి గడప దాటి, బస్టాండు వైపు కాకుండా చేల వైపు వెళ్లిపోయాడు.