గచ్చు మీద రీమిక్స్

ఇంత సన్నని గీతలోనా, వెంట్రుకవాసి కూడా లేని ఈ గీతలోనా అంత దడదడ దాక్కుని ఉండేది, ఎన్ని రికార్డులు వేయలేదు మేం, ఎన్నిసార్లు ఇలా కిటికీ వెలుతురుకి ఓరగా పట్టి చూడలేదు, అయినా ప్రతిసారీ చిన్నపిల్లలా నోరెళ్లబెట్టాల్సిందే, నల్లటి పళ్లెం, దాని మీద అంచు నుంచి నడిమి చిల్లు దాకా చుట్లు తిరుగుతూ పోయే ఒకే ఒక్క గీత, డ్రమ్ములూ రంపపు చప్పుళ్లూ ఫ్యాక్టరీ అంత రొదా అన్నీ ఆ గీత వణుకే, ఇవాళ్టి వణుకు మాత్రం తమ్ముడిది, పొద్దున పార్సిల్లో వచ్చింది, తెల్ల కాగితం అంటించిన టెస్ట్ ప్రెస్సింగ్, మీద పేరూ లేదు ఊరూ లేదు, అసలు కాపీలు తీసేముందు మచ్చుకి పంపేది, విని సరే అంటే మిగతావన్నీ అచ్చవుతాయి, వద్దంటే ఈ రెండో వైపు ఇంకెవరి రీమిక్సో ఎక్కుతుంది, అచ్చువేసేవాళ్లు సాయంత్రంలోగా చెప్పమన్నారు, సరేనా, వద్దా, ఒక్క మాటేగా, ఆ ఒక్క మాటా పొద్దుటినుంచి తేలడం లేదు, ఎందుకంటే ఇది తమ్ముడు చెవులు పోయాక చేసిన మొదటి పాట.

టెక్నో అంటే చెవి కోసుకునేవాడు, ఛీ, ఏం మాట వచ్చింది నా నోట, నాలుక కరుచుకున్నాను కానీ నిజం అదే, పాట తగలకపోతే అన్నం సయించేది కాదు వాడికి, అది కూడా మామూలు పాట కాదు, హార్డ్ టెక్నో, పక్కింటివాళ్లు గోడ బాదితే ఆ బాదుడు కూడా రికార్డు చేసుకుని పాటలో కలిపేసే రకం, మేడ గదిలో గచ్చు మీద స్పీకరుని బోర్లా పడుకోబెట్టి దాని పక్కన తనూ బోర్లా పడుకునేవాడు, అమ్మ చీపురు తిరగేసి కింద నుంచి పైకప్పుని పొడుస్తూ, ఒరేయ్, గచ్చు పగులుతుందిరా, అని కేకలేసేది, మేమిద్దరం పెట్టబోయే రికార్డుల లేబుల్‌కి పేరేం పెడదామా అని జుట్టు పీక్కుంటున్న రోజుల్లో ఆ కేకే పేరైంది, గచ్చు, ఎక్కడెక్కడి వాళ్లో ఆ పేరు నోరు తిరగక గాచూ గాచూ అని ఉత్తరాలు రాస్తుంటే అమ్మ మురిసిపోయేది, నా తిట్టు ఎంత దూరం వెళ్లిందే అని, తర్వాత తమ్ముడికి ఏదో జ్వరం వచ్చింది, తగ్గింది, తగ్గుతూ తగ్గుతూ రెండు చెవుల్లోని చప్పుడంతా మూటగట్టుకు పోయింది, డాక్టరు కాగితం మీద గీతలు గీసి చూపించాడు, ఇదిగో ఇక్కడ ఉండాలి, ఇక్కడికి పడిపోయింది అని, తమ్ముడు ఆ గీతని చూసి, అక్కా, ఇది బాస్‌లైన్‌లా ఉంది కదే, అని నవ్వాడు, నేను బయటికి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను.

ఆ నవ్వు చాన్నాళ్లు లేదు మళ్లీ, కొన్ని వారాల కింద ఒకరోజు మేడ దిగి వచ్చి, మన మొదటి రికార్డుకి నేనే రీమిక్స్ చేస్తున్నా, అన్నాడు, మాట మరీ గట్టిగా వస్తుంది ఇప్పుడు, తన గొంతు తనకి తెలియదు కదా, ఫైలు నీకు వినిపించను, తిన్నగా కటింగ్ మేస్త్రికి పంపిస్తా, ఆయన పళ్లెం మీద గీత కోస్తాడు, నువ్వు రికార్డు మీదే విను, బాగుంటే బాగుందను, లేకపోతే లేదను, అప్పుడు మెషీన్లన్నీ ఎవరికైనా ఇచ్చేసి ఇంకో పని చూసుకుంటా, అంతేగానీ జాలిపడి బాగుందన్నావో, చచ్చినా నీ మొహం చూడను, నేను ఫోన్లో టైపు చేసి చూపించాను, నేనెప్పుడైనా నీకు అబద్ధం చెప్పానా అని, చెప్పలేదు, అందుకే భయం, అన్నాడు, వాడికీ భయమే, నాకు అంతకన్నా భయం, ఇప్పుడు వాడు సరిగ్గా నా నెత్తిన, పై గదిలో ఉన్నాడు, పార్సిల్ వచ్చిందని తెలుసు, వింటున్నానని తెలుసు, సరే, కానీ, అనుకుని సూది దింపాను.

మొదటి కిక్, ఆ పెద్ద డ్రమ్ము దెబ్బ, పడింది, పడి, అక్కడే కూలబడింది, రెండోది ఎప్పటికో వచ్చింది, తడిసిన దుప్పటిని బండకేసి కొట్టినట్టు, బరువుగా, ఒళ్లు బద్ధకంగా, చిక్ చిక్‌మనే కంచు తాళాల చప్పుడు ఒక్కటి లేదు పైన, అంతా అడుగే, అడుగున ఏదో మూలుగు, దేవుడా, ఇదా తమ్ముడి పాట, తరుముకొచ్చే పాటలు చేసినవాడిదేనా ఇది, పోనీ ఇంకాసేపట్లో లేస్తుందేమో, లేవడం లేదు, కాళ్లీడ్చుకుంటూ పోతోంది, ఇంతలో పైన ఏమిటా చప్పుడు, ధన్ ధన్ ధన్, మడమ, తమ్ముడు పడుకుని గచ్చు మీద మడమతో కొడుతున్నాడు, పాటకి తాళం వేస్తున్నాననుకుంటున్నాడు కాబోలు, కానీ ఎక్కడా కలవడం లేదు, రికార్డు ఒకటి కొట్టేలోపు వాడు ఇంకోదానికి వెళ్లిపోతున్నాడు, ఉరుకుతున్నాడు, తాళం కూడా పోయిందిరా తండ్రీ నీకు, చెవులు పోతే పోయాయి, అది మిగులుతుందనుకున్నానే, ఇప్పుడేం చెప్పను, ఫోన్ తీశాను, బాగోలే దాకా కొట్టాను, చెరిపాను, బాగుంది అని కొట్టాను, ఆ అబద్ధం నన్నే చూస్తోంది తెర మీద నుంచి, అది కూడా చెరిపేశాను, పైన మడమ ఆగదు, ఒక్క దెబ్బా తడబడదు, అదే వేగం, ధన్ ధన్ ధన్, ఎంత మొండివాడు.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది, ఏమిటే, వాడి పాట ఇవాళ ఇలా ఏడుస్తోంది, వాడిది ఎప్పుడూ కుక్కలు తరిమినట్టు ఉంటుంది కదే, అంది, నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అమ్మ కాస్త బెదిరి, పొద్దున నా పాత పాటలు పెట్టుకున్నాను, ఆ పుల్ల ఇటు జరిపాను, ఏమైనా పాడుచేశానా ఏమిటే, అంది, ఏ పుల్ల అమ్మా, అని తిరిగి చూశాను, వేగం మీట, నిమిషానికి ముప్పై మూడు చుట్ల మీద ఉంది, అమ్మ పాటలకి ముప్పై మూడు, మేం కోయించేవన్నీ నలభై ఐదు, తెల్ల కాగితం మీద ఏమీ రాసి ఉండదు, రీమిక్స్ అన్న పేరేగానీ పాత పాట ముక్క ఒక్కటీ ఉంచలేదు వాడు, పోల్చుకోవడానికి ఏముంది, భయంతో విన్నాను, భయపడుతూ వింటే ఏదైనా శవయాత్రలాగే వినిపిస్తుంది, అబ్బ, ఎంత వెర్రిమొహాన్ని నేను, వేలితో మీట జరిపాను.

పళ్లెం ఒక్క గుక్క పీల్చుకుని పరుగందుకుంది, కిక్ లేచింది, ఇంకా లేచింది, పైన మడమ అలాగే కొడుతోంది, ధన్ ధన్ ధన్, కింద కిక్ ఎక్కుతూ ఎక్కుతూ వెళ్లి ఆ మడమని అందుకుంది, రెండు చప్పుళ్లు ఒక్క చప్పుడైపోయాయి, ఎక్కడ రికార్డు ఎక్కడ వాడు తెలియలేదు, అంటే ఇంతసేపూ వాడు తప్పలేదు, నేను తప్పు వింటుంటే, మరీ నెమ్మది, మరీ నెమ్మది, అదికాదే అక్కా, ఇదీ వేగం, అని పైనుంచి కొట్టి చెబుతున్నాడు, నా స్పీకర్ల అదురు గోడలెక్కి వాడి వీపుకి తగిలింది, వీపుకి తెలిసిపోయింది, రెండు చెవులూ నిక్షేపంగా ఉన్న నాకు తెలియలేదు, అమ్మో, ఇంకా ఉంది, గోడవార అమ్మ అద్దాల బీరువా మోగుతోంది, లోపల గాజుగ్లాసులు సన్నగా, చిక్ చిక్ చిక్, సరిగ్గా రెండు కిక్‌ల మధ్య, తాళాలు ఉండాల్సిన చోట, కిటికీ అద్దం ఇంకో పక్క నుంచి జుమ్మంటోంది, తమ్ముడు తాళాలు పెట్టడం మరచిపోలేదు, కావాలనే వదిలేశాడు, ఆ రెండు దెబ్బల నడుమ చోటు ఉంచాడు, ఎవరింట్లో వేస్తే ఆ ఇల్లే వాయించుకునేలా, పాట చేస్తున్న రోజుల్లో ఈ బీరువా మీద అరచెయ్యి ఆనించి నిలబడితే దిగులుతో నిలబడ్డాడనుకున్నాం మేం, ఏమిట్రా నువ్వు, మనిషివేనా నువ్వు, అమ్మ కూడా బీరువా వంకే చూస్తోంది, నా గ్లాసులు, అంది, తిట్టబోయి, తిట్టలేదు, చెయ్యి చెంపకి ఆనించుకుని, నా గ్లాసులు పాడుతున్నాయే, అంది.

ఫోన్లో ఏం రాయను, ఏ మాట సరిపోతుంది దీనికి, మూలనున్న చీపురు అందుకుని తిరగేశాను, అమ్మ ఆపమని పొడిచిన పైకప్పునే కర్రతో పొడిచాను, కిక్‌తో పాటే, సరే, సరే, సరే, పైన మడమ ఒక్క క్షణం ఆగింది, తర్వాత రెండు మడమలూ కలిపి కొట్టాడు, గచ్చు నిజంగానే పగులుతుందేమో అన్నట్టు, సున్నం పొడి రాలి నా కళ్లలో పడింది, పడనీ, అమ్మ కర్ర నా చేతిలోంచి లాక్కుని తనూ పొడుస్తోంది, నవ్వుతోందో ఏడుస్తోందో, వాడికి చెవులు పోయాయని ఇన్నాళ్లూ ఎంత ఏడ్చానో, ఎక్కడికి పోతాయి అవి, ఎక్కడికీ పోలేదు, అరికాళ్లలోకి దిగాయి, అంతే.